సిలిండర్ వద్దు తమ్ముడూ, పాల క్యాన్ చాలు

ప్రశ్న: అన్నయ్య గారూ, నమస్కారం. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా తాత పడవలు కట్టేవాడు. నాన్నా నేనూ తలుపులు, మంచాలు, కుర్చీలు చేస్తాం. ఒక రిసార్టు వాళ్లు ఎనిమిది కుర్చీలు అడిగారు. వీపు ఆనే పై పట్టీ వంపుగా ఉండాలి. అంగుళం మందం, మూడంగుళాల వెడల్పు టేకు, 20 అంగుళాల వ్యాసార్థం. దిమ్మలోంచి వంపు కోస్తే చెక్క సగం పొట్టులోకే పోతోంది, పైగా పోగు తెగి బలం ఉండటం లేదు. పట్టీ మీద మరిగే నీళ్లు పోసి వంచి చూస్తే బయటి వైపు చిట్లింది. పాత గ్యాస్ సిలిండర్ కోసి, పైపు అతికి, మీటరు పెట్టి, రెండు కిలోల ప్రెషర్‌తో ఆవిరి పడదామని మా వెల్డరు అంటున్నాడు. పట్టీలు పెట్టడానికి ఆరంగుళాల పీవీసీ పైపు ఇంట్లోనే ఉంది. నెలన్నరలో ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది. ఎలా చేయమంటారు?

సమాధానం:

తమ్ముడూ, మిగతావి తర్వాత మాట్లాడదాం, ముందు ఆ సిలిండర్ ఆలోచన మానెయ్. మీ వెల్డరు మంచి పనివాడే కావచ్చు, అయినా వద్దు. ఖాళీ సిలిండర్‌లో కూడా ఎంతో కొంత గ్యాస్ మిగిలి ఉంటుంది. అది అంటుకోవడానికి కోసేటప్పుడు లేచే నిప్పురవ్వే చాలు. పైగా ఆ సిలిండర్ నీది కాదు, గ్యాస్ కంపెనీది. దాన్ని కోసే హక్కు నీకూ లేదు, వెల్డరుకీ లేదు. ఇవన్నీ దాటి దాన్ని పొయ్యి మీదికి ఎక్కించావే అనుకో, అసలు ప్రమాదం అప్పుడు మొదలవుతుంది.

రెండు కిలోల ప్రెషర్ అంటే వినడానికి చిన్న సంగతిలా ఉంటుంది. ప్రతి చదరపు సెంటీమీటరు మీదా రెండు కిలోల తోపు అని దానర్థం. ఇంటి సిలిండర్ అడ్డకొలత సుమారు 32 సెంటీమీటర్లు. పై భాగం వైశాల్యం దాదాపు 800 చదరపు సెంటీమీటర్లు. అంటే దాన్ని లోపలినుంచి 1,600 కిలోల బలం నెడుతూ ఉంటుంది, ఆపేది ఒక్క వెల్డింగ్ అతుకు. ఆ ప్రెషర్‌లో నీళ్లు 133 డిగ్రీల దాకా వేడెక్కి ఉంటాయి. అతుకు విడిచిన క్షణాన, లోపల పది లీటర్ల నీళ్లుంటే అందులో అర లీటరుకు పైగా ఒక్కసారిగా ఆవిరవుతుంది. లీటరు నీళ్లు ఆవిరైతే సుమారు 1,670 లీటర్ల చోటు పడుతుంది. అంటే రెప్పపాటులో నీ షెడ్డులోకి వెయ్యి లీటర్ల ఆవిరి, దాని వెంట ఇనుప ముక్కలు, సలసల కాగే నీళ్లు. మన దేశంలో బాయిలర్లకి 1923లోనే ప్రత్యేక చట్టం పెట్టి తనిఖీలు, సర్టిఫికెట్లు తప్పనిసరి చేశారంటే ఊరికే చేయలేదు.

ఇంత ప్రమాదానికి ఒడిగట్టినా దానివల్ల నీకు దక్కేది ఏమీ లేదు. పట్టీలకి ఆవిరి పట్టే చెక్కపెట్టెకి ఎక్కడో ఒకచోట సందు ఉంటుంది, ఉండాలి కూడా. సిలిండర్‌లో ఎంత ప్రెషర్ ఉన్నా, ఆవిరి ఆ పెట్టెలోకి రాగానే అదంతా పోతుంది. పట్టీకి తగిలేది మళ్లీ నూరు డిగ్రీల ఆవిరే. ఇడ్లీ పాత్రకి విజిల్ ఉండదు, అయినా ఇడ్లీ లోపలిదాకా ఉడుకుతుంది కదా. నీకు కావలసింది అదే పని చేసే పొడవాటి పెట్టె. పోగుల్ని పట్టి ఉంచే లిగ్నిన్ అనే బంక తడీ వేడీ కలిసినప్పుడు మెత్తబడుతుంది. ఆ మెత్తదనానికి నూరు డిగ్రీలు సరిపోతాయి. అంగుళం మందానికి గంటసేపు, అరంగుళానికి అరగంట అని ఈ పనిలో వాడుకలో ఉన్న లెక్క. నీళ్లు పోసి వంచినప్పుడు నీ పట్టీలో పైపొర మాత్రమే వేడెక్కింది, నడిమి భాగం పచ్చిగానే ఉంది. పట్టీ చిట్లడానికి అదొక కారణం. రెండో కారణం ఇంతకన్నా ముఖ్యమైనది, దాని దగ్గరికి కాసేపట్లో వస్తాను.

ఆవిరి పుట్టించడానికి 15, 20 లీటర్లు పట్టే స్టీలు పాల క్యాన్ తీసుకో. పెయింటు డబ్బాలు, రసాయనాల డ్రమ్ములు తీసుకోకు. కడిగినా వాటిలో ఏదో ఒకటి మిగిలి ఉంటుంది, వేడికి దానిలోంచి వచ్చే వాయువు అంటుకోవచ్చు, ఊపిరితిత్తుల్లోకీ పోతుంది. మామూలు ఇనుప డబ్బా కూడా ఈ పనికి నప్పదు. తుప్పు కలిసిన నీటి చుక్క టేకు మీద, అంతకన్నా ఎక్కువగా తుమ్మ మీద, నల్లటి మరకలు వేస్తుంది. చెక్కలో ఉండే టానిన్ అనే వగరు పదార్థానికీ ఇనుముకీ పడదు.

క్యాన్ మూతకి అంగుళం బెజ్జం వేయించి, అంగుళం స్టీలు గొట్టం ముక్క బిగించు. దానికి లారీల విడిభాగాల కొట్లో దొరికే రేడియేటర్ హోస్ తొడుగు. తోటకి నీళ్లు పట్టే పైపు వాడకు. వేడికి మెత్తబడి మడతపడుతుంది, మడతపడితే దారి మూసుకుపోతుంది. హోస్ రెండు మూడు అడుగులకు మించకూడదు. మధ్యలో ఎక్కడా ఊయలలా వేలాడకూడదు. వేలాడిన చోట నీళ్లు చేరి ఆవిరికి అడ్డం పడతాయి. క్యాన్ పొయ్యి మీద కింద, పెట్టె దానికన్నా ఎత్తులో పెడితే హోస్‌లో పట్టిన నీరు తనంతట తనే క్యాన్‌లోకి దిగిపోతుంది.

మూతని మాత్రం ఎప్పుడూ గట్టిగా బిగించొద్దు. అంచు చుట్టూ తడిపిన గోధుమపిండి ముద్ద పెట్టి, పైన ఒక ఇటుక ఉంచు, అంతే. ఎక్కడైనా దారి మూసుకుపోతే ఇటుకతో సహా మూత లేచి ఆవిరి వదిలేస్తుంది. ఇంతకన్నా నమ్మకమైన సేఫ్టీ వాల్వు నీ షెడ్డులో నువ్వు చేసుకోలేవు. మూతకి క్లిప్పులో లాకో ఉంటే ఊడదీసెయ్, ఎవరైనా అలవాటుగా వేసేస్తారు.

కొందరు ప్రెషర్ కుక్కర్ వెయిట్ తీసి ఆ ముక్కుకి గొట్టం తగిలిస్తారు. చిన్న చిన్న ముక్కలకి అది నడుస్తుంది గానీ, ఆ బెజ్జం మరీ సన్నం. నీ పెట్టెకి కావలసినంత ఆవిరి అందులోంచి సాఫీగా రాదు, ఏ చిన్న మడ్డి అడ్డం పడినా మూసుకుపోతుంది. నీకు వద్దు. కరెంటు హీటర్ రాడ్డు కూడా వద్దు. తడి నేల, లోహపు క్యాన్, మన పల్లెల ఎర్తింగ్, ఈ మూడూ ఒకచోట చేరకూడదు.

ఎంత ఆవిరి కావాలన్నది అందరూ వదిలేసే లెక్క. ప్రెషర్ గురించి అడిగేవాళ్లే గానీ దీని గురించి అడిగేవాళ్లు తక్కువ. ఇంటి గ్యాస్ పొయ్యి పెద్ద బర్నరు మీద గంటకి రెండు, రెండున్నర లీటర్ల నీళ్లు ఆవిరవుతాయి. రెండున్నర లీటర్లంటే నిమిషానికి దాదాపు 70 లీటర్ల ఆవిరి. లోపల ఆరంగుళాల వెడల్పు, ఆరంగుళాల ఎత్తు, ఐదడుగుల పొడవు ఉన్న పెట్టెలో పట్టేది సుమారు 35 లీటర్లు. అంటే నిమిషానికి రెండుసార్లు పెట్టె నిండి పొంగిపోతుంది. అది సరిపోతుంది. పెట్టె ఇంకా పెద్దది చేశావంటే అదే ఆవిరి చల్లారి గోడల మీద నీళ్లవుతుంది. అందుకే పట్టీకి తగ్గ పెట్టె చెయ్, తర్వాత ఎప్పుడో పనికొస్తుందని పది అడుగులది చేయకు.

కోనసీమలో ఉండి గ్యాస్ మీద ఖర్చు పెట్టక్కర్లేదు. కొబ్బరి డొక్కలు, చిప్పలు, ఎండు మట్టలు నీ పెరట్లోనే ఉంటాయి. డొక్క నెమ్మదిగా రాజుకుంటుంది, చిప్ప గట్టిగా మండుతుంది. రెండూ కలిపి వేస్తే మంట ఒకే తీరుగా ఉంటుంది. పొయ్యి మాత్రం ఆరుబయట పెట్టు, తాటాకు కప్పు కిందా, చిత్రిక పొట్టు పక్కనా కాదు. క్యాన్‌లో మూడింట రెండు వంతులే నీళ్లు పొయ్. మధ్యలో తగ్గాయనిపిస్తే చన్నీళ్లు పోయకు, ఆవిరి ఆగిపోతుంది, గంట లెక్క మళ్లీ మొదటికొస్తుంది. పక్క పొయ్యి మీద మరిగే నీళ్లు సిద్ధంగా ఉంచుకో. సముద్రానికి దగ్గర ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి కాబట్టి అడుగున గారలా పేరుకుంటుంది. కాలువ నీళ్లో వాన నీళ్లో పట్టుకో, పని అయ్యాక క్యాన్ కడిగి బోర్లించు.

పీవీసీ పైపు సంగతి అడిగావు. 80 డిగ్రీల లోపే అది మెత్తబడటం మొదలెడుతుంది. నూరు డిగ్రీల ఆవిరి గంటసేపు పట్టిస్తే పట్టీల బరువుకి కుంగిపోతుంది. అది పెరట్లో నీళ్ల లైనుకి వాడుకో. పెట్టెని ముప్పావు అంగుళం చౌక పలకలతో చెయ్, ఏ చెక్కయినా ఫరవాలేదు. బంక పెట్టకు, మామూలు తెల్లబంక ఆవిరికి విడిపోతుంది. స్క్రూలు చాలు. మామూలు ప్లైవుడ్ పొరలు పొరలుగా లేచిపోతుంది, ప్లై వాడాలనుకుంటే నీళ్లకి తట్టుకునే రకమే తీసుకో. లోపల అడుగునుంచి రెండంగుళాల ఎత్తులో స్టీలు కమ్ములు అడ్డంగా వెయ్, పట్టీ వాటి మీద కూర్చుంటే ఆవిరి నాలుగు వైపులా తగులుతుంది. ఆవిరి గొట్టం పెట్టె మధ్యలోకి పెట్టు. పెట్టెని ఒక పక్కకి కొంచెం వాలుగా ఉంచి, ఆ పల్లంలో నీళ్లు కారడానికి బెజ్జం వెయ్. లోపలికి వచ్చే గొట్టం ఎంత లావుందో, బయటికి పోయే దారులన్నీ కలిపి అంతకన్నా తక్కువ ఉండకూడదు. తలుపు దగ్గర గుడ్డ పరదా వేసి పైన వదులుగా పలక ఆనించినా చాలు. పెట్టె మీద గోనెపట్టాలు రెండు మూడు వరసలు కప్పు. థర్మామీటరు గొట్టానికి దూరంగా ఉన్న చివర గుచ్చి, అక్కడ 98 దాటాకే గంట లెక్కపెట్టడం మొదలుపెట్టు.

ఇక పట్టీ చిట్లడానికి రెండో కారణం. సిలిండర్ మీద పెట్టాలనుకున్న డబ్బు పెట్టాల్సింది ఇక్కడ.

అంగుళం మందం పట్టీని 20 అంగుళాల వ్యాసార్థానికి వంచితే, నడిమి పోగు పొడవు మారదనుకుంటే బయటి పోగు దాదాపు రెండున్నర శాతం సాగాలి. ఆవిరి పట్టిన చెక్క అయినా ఒకటి రెండు శాతం మించి సాగదు. కాబట్టి బయట చిట్లక తప్పదు. ఎంత ఆవిరి పట్టినా, ఎంత నెమ్మదిగా వంచినా ఇదే లెక్క. అయితే అదే మెత్తబడిన చెక్క కుదించుకోవడంలో మాత్రం చాలా ఉదారంగా ఉంటుంది. మంచి చెక్కలు 20 శాతానికి పైగా కుదించుకున్నా తట్టుకుంటాయి. అంటే బయటి పోగుని సాగనీయకుండా పట్టి ఉంచితే, వంపు భారమంతా లోపలి వైపు కుదింపుగా మారుతుంది. నీ లెక్కకి అది ఐదు శాతం లోపే, చెక్క హాయిగా భరిస్తుంది.

అలా పట్టి ఉంచేది చెక్క బయటి వైపు ఆనించే లోహపు పట్టీ. మైకేల్ థోనెట్ అనే వడ్రంగి వియన్నాలో ఈ కిటుకుతోనే బీచ్ అనే చెట్టు చెక్క కడ్డీల్ని గుండ్రంగా వంచి, 1859లో 14వ నంబరు కుర్చీ తయారుచేశాడు. ఆరు చెక్క భాగాలు, పది స్క్రూలు, రెండు నట్లు. 36 కుర్చీలు విడదీసి ఒక ఘనపు మీటరు పెట్టెలో సర్ది ఓడల మీద ప్రపంచమంతా పంపారు. ఆవిరి అంతకుముందూ ఉంది, దానికి లోహపు పట్టీ తోడైనందువల్లే అంత బిగువు వంపు కుదిరింది.

నీ పట్టీకి మిల్లీమీటరున్నర మందం స్టెయిన్‌లెస్ స్టీలు రేకు, మూడంగుళాల వెడల్పుతో కోయించు. రెండు చివర్లా గట్టి తుమ్మ దిమ్మలు బోల్టులతో బిగించు, ఒక్కో దిమ్మకి కనీసం రెండు బోల్టులు. ఆ రెండు దిమ్మల మధ్య నీ టేకు పట్టీ సరిగ్గా, బిగువుగా కూర్చోవాలి. పావు అంగుళం సందు ఉన్నా ఆ మేరకు బయటి పోగు సాగుతుంది, మళ్లీ చిట్లుతుంది. అందుకని ఒక చివర సందులో మేకులాంటి చిన్న చీల కొట్టి సరిచేసుకునే వీలు పెట్టుకో. మరీ బిగువైతే లోపలి వైపు ముడతలు పడతాయి, అప్పుడు ఆ చీలని కొంచెం సడలించు. దిమ్మల వెనక రెండడుగుల పిడికర్రలు ఉంటే వంచడానికి బలం దొరుకుతుంది, దిమ్మలు వెనక్కి తిరగబడకుండానూ ఉంటాయి.

చెక్క ఎంపికలో నాది కొంచెం పట్టుదల. పట్టీ పక్కవైపు చూడు. అడుగు పొడవులో పోగు ముప్పావు అంగుళం కన్నా ఎక్కువ పక్కకి జరిగిపోతుంటే ఆ పట్టీ వద్దు. ముడులు, కన్నులు ఉన్న చోటు వంపులోకి రానీయకు. సామిల్లులో ఫర్నేసు పెట్టి ఎండబెట్టిన కలప కన్నా నీడన గాలికి ఆరిన కలప చాలా బాగా వంగుతుంది. 20 శాతం పైచిలుకు తేమ ఉంటే మేలు. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ కాబట్టి బయట పెట్టిన చెక్క ఎలాగూ బొత్తిగా ఎండిపోదు. ఇక్కడ మాత్రం అది మనకి కలిసొస్తుంది. మరీ ఎండిన టేకు దొరికితే నాలుగైదు రోజులు కాలువలో నానెయ్, కొంత మెరుగవుతుంది. టేకు వంగడంలో మధ్యరకం. మల్బరీ చెక్క ఇంకా బాగా వంగుతుంది, ఒకప్పుడు హాకీ కర్రలు దానితోనే వంచేవారు. తాటి, కొబ్బరి దీనికి పనికిరావు, వాటి నార తీరే వేరు. ఆ రిసార్టు వాళ్లు టేకే కావాలంటే టేకే చెయ్, కానీ ముందు అదే దుంగలోంచి తీసిన రెండు ముక్కలు వంచి చూశాకే అసలు పట్టీలు పెట్టెలో పెట్టు.

పట్టీని ఆనించి వంచే అచ్చు వ్యాసార్థం 20 కాకుండా పద్దెనిమిదిన్నర పెట్టుకో. విప్పాక చెక్క కొంచెం వెనక్కి తీస్తుంది. ఎంత తీస్తుందో ఆ రెండు ముక్కలే చెప్తాయి. క్లాంపులన్నీ తెరిచి, వరసగా పేర్చి ఉంచుకోండి. మీ నాన్నగారూ నువ్వూ చల్లటి పట్టీతో ఒకసారి, ఎవరు ఎటు పట్టుకోవాలో, ఏ క్లాంపు ముందో, ఆవిరి లేకుండానే చేసి చూడండి. ఎందుకంటే పట్టీ పెట్టెలోంచి బయటికి వచ్చాక మీకు ఉండేది నిమిషం లోపే. లోహపు పట్టీలో కూర్చోబెట్టి, మధ్యలో మొదటి క్లాంపు బిగించి, రెండు చివరలూ సమానంగా, ఆపకుండా లాక్కురావాలి. మధ్యలో ఆగి సర్దుకుంటే చెక్క చల్లారిపోతుంది.

తలుపు తీసేటప్పుడు ఎదురుగా నిలబడొద్దు, పక్కకి ఉండి తీసి, మొదటి ఆవిరి పోయాక చెయ్యి పెట్టండి. కంటికి తెల్లగా కనిపించేది అప్పటికే చల్లారుతున్న ఆవిరి. గొట్టం మూతి దగ్గర ఏమీ కనిపించని జానెడు మేరలోనే అసలు కాలేది. తోలు గ్లవ్స్ పొడిగా ఉండాలి, తడిస్తే వేడి నేరుగా చేతికి దిగుతుంది. చొక్కా చేతులు కిందికి దింపుకోండి, కాళ్లకి బూట్లు వేసుకోండి. కాలితే ఇరవై నిమిషాలు కుళాయి నీటి కింద పెట్టాలి, టూత్‌పేస్టు, పసుపు పూయకండి. పెద్దగా కాలితే నీళ్లు పోస్తూనే ఆసుపత్రికి వెళ్లాలి. పిల్లల్ని ఆ పూట పెరట్లోకి రానీయొద్దు.

మీ తాతగారి కాలంలో ఈ పెట్టె లేకపోయినా పలకలు వంగాయి. పడవ పలకకి నీళ్లు కొడుతూ, కింద మంట పెట్టి, బరువులు వేసి వంచడం పాత పద్ధతి. తాళ్లరేవు, కోరింగ వైపు ఇప్పటికీ చెక్క పడవలు కట్టే మేస్త్రీలున్నారు. వీలు చూసుకుని ఒకసారి వెళ్లి వాళ్ల పని చూసిరా. నిప్పుతో వంచినా, ఆవిరితో వంచినా చెక్కని చదివే కన్ను ఒకటే. ఏ పలక వంగుతుందో, ఏది మొండికేస్తుందో వాళ్లు పోగు చూసి చెప్పే తీరు నీకు ఎనిమిది కుర్చీలకే కాదు, చాలా కాలం ఉపయోగపడుతుంది.

గడువు గురించి టెన్షన్ పడకు, నెలన్నర సరిపోతుంది, కాకపోతే పనిని ముందుకి లాగాలి. అచ్చు ఒక్కటే చాలు గానీ, ఆరబెట్టే చట్రాలు పది ముందే చేసి ఉంచు. చట్రమంటే పెద్ద పనేమీ కాదు, వంపు రెండు చివరల్నీ విడిపోకుండా పట్టి ఉంచే అడ్డ రీపరు, రెండు దిమ్మలు. వంచిన పట్టీని లోహపు పట్టీతో సహా పూర్తిగా చల్లారేదాకా అచ్చు మీదే ఉంచి, ఆ పైన చట్రంలోకి మార్చు. రోజుకి రెండు పట్టీలు సులువుగా వంగుతాయి. ఎనిమిదికి బదులు పది వంచు, ఒకటి రెండు పోయినా పని ఆగదు. తర్వాత నీడన, గాలి ఆడే చోట రెండు మూడు వారాలు కదిలించకు. వానలు పడుతుంటే ఇంకో వారం కలుపుకో. తడి గాలిలో చెక్క ఆరడం నెమ్మది, తొందరపడి విప్పితే వంపు తెరుచుకుంటుంది. ఈలోగా కాళ్లు, సీట్లు చేసి సిద్ధం చేసుకో. పై పట్టీలో బెజ్జాలు, వాటిలో దూరే కుసులు మాత్రం అది పూర్తిగా ఆరి వంపు నిలిచాకే గుర్తు పెట్టు.